పైకప్పులో కన్నం ఎందుకుంది ఆంటీ?

పోయిన నెల ఈ శీర్షికలో ఎవరికో జవాబు రాస్తూ, రాత్రి పన్నెండు దాకా మైన్‌క్రాఫ్ట్ ఆడి పొద్దున్నే లేవలేకపోయానని నోరు జారాను. నలభై ఆరేళ్ళ మనిషి, బొమ్మలు వేసుకుని బతికే మనిషి, పిల్లల గేమ్ ఆడడమేంటని ఇద్దరు ముగ్గురు నవ్వారు, సరే. కానీ ఆ వెనకే వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు చూస్తే నవ్విన వాళ్ళకంటే బాధపడుతున్న వాళ్ళే ఎక్కువున్నారు. ఒకరిది గేమ్, ఒకరిది ముగ్గు, ఒకరిది పెయింటింగ్, అడిగింది మాత్రం అటూ ఇటూగా ఒకటే: ఒకప్పుడు ఇష్టంగా చేసేదాన్ని, ఇప్పుడు ఎవరేమంటారో అని చెయ్యి ఆడట్లేదు. అందుకని ఈసారి అత్తాకోడళ్ళ పంచాయితీలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

ఆ గేమ్ తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. అందులో లోకమంతా దిమ్మెలే. మట్టి, రాయి, చెక్క, గాజు అన్నీ నాలుగు పలకల దిమ్మెలు, వాటినే బ్లాకులు అంటారు. తవ్వుకోవచ్చు, పేర్చుకోవచ్చు, ఏం కట్టాలో ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు ఇసక గుట్టలో పాదం పెట్టి, పైన తడి ఇసక మెత్తి తట్టి, ఊపిరి బిగబట్టి పాదం లాగేసి పిచ్చుక గూళ్ళు కట్టేవాళ్ళం కదా, దానికి కంప్యూటర్ తగిలించారంతే. ఇలాంటి వాటిని శాండ్‌బాక్స్ గేమ్‌లంటారు, ఇసక తొట్టి ఆటలన్నమాట, పేరులోనే ఉంది.

ప్రశ్న: అక్కా, నేను తొమ్మిదో తరగతి నుంచి మైన్‌క్రాఫ్ట్ ఆడుతున్నా. అప్పట్లో మట్టితో ఓ డబ్బా ఇల్లు కట్టుకుని, దాని కింద గని తవ్వుకుని, వేసవి సెలవులన్నీ అందులోనే గడిపేవాణ్ణి. ఇప్పుడు ఉద్యోగం ఉంది, మంచి ల్యాప్‌టాప్ ఉంది. కానీ వరల్డ్ ఓపెన్ చేసి గంటసేపు ఏదో కడతా, యూట్యూబ్‌లో చూసిన వాటి ముందు అది చెత్తలా కనిపిస్తుంది, డిలీట్ చేసేస్తా. ఫ్రెండ్స్ సర్వర్‌లో, అంటే అందరం కలిసి ఆడే వరల్డ్‌లో, ఒకసారి ఇల్లు కడితే 'అగ్గిపెట్టె కట్టావేంట్రా' అన్నారు, అప్పట్నుంచి అక్కడ గని తవ్వడం తప్ప ఇంకేదీ ముట్టుకోవట్లేదు. నాకు టాలెంట్ లేదా, లేక ఇంట్రెస్టే పోయిందా?
– విజయవాడ అబ్బాయి, ప్రస్తుతం బెంగళూరు

జవాబు: అక్కా అన్నందుకు ముందు థాంక్స్ తమ్ముడూ. ఇక ఆ మట్టి డబ్బా సంగతి మాట్లాడుకుందాం. గేమ్‌లో రోజంటే ఇరవై నిమిషాలు, అందులో ఎండ ఉండేది పది. కొత్తగా దిగినవాడు ఆ పది నిమిషాల్లో చెట్టు కొట్టుకుని, ఏదో ఒక బొరియ చేసుకోకపోతే చీకట్లో జాంబీలు వచ్చి పీకుతాయి. నువ్వా మొదటి రాత్రి కిటికీ కూడా లేని మట్టి గోడల మధ్య, బయట మూలుగులు వింటూ, తెల్లారుతుందా లేదా అని చూస్తూ కూచున్నావు. ఆ ఇల్లు అందంగా ఉందా అన్న అనుమానమే నీకు రాలేదు, ఎందుకంటే దానికో పని ఉంది, అది ఆ పని చేసింది. ఇప్పుడు నీ దగ్గర వజ్రాల కత్తి, వజ్రాల కవచం, జాంబీ వచ్చి నిన్నేం చేస్తుంది? ఇంటికి పని పోయింది. పని పోయిన ఇంటికి మిగిలేది ఎలా ఉందన్న లెక్క ఒక్కటే, ఆ లెక్క నువ్వు పక్కవాడి కళ్ళతో వేస్తున్నావు. టాలెంట్ గొడవ కాదిది, ఇంట్రెస్ట్ గొడవా కాదు, ఇంట్రెస్ట్ పోయినవాడు గంటసేపు కట్టడు.

యూట్యూబ్ కోటల గురించి. వాటిలో చాలావరకు నలుగురైదుగురు కలిసి రోజుల తరబడి కట్టి, దాన్ని పది నిమిషాల్లో పరిగెత్తించి చూపించేవి. వరల్డ్‌ఎడిట్ లాంటి టూల్ ఉంటుంది, ఒక గోడ కడితే అది వంద గోడలవుతుంది. తర్వాత వెలుగునీడల్ని నిజంలా చూపించే షేడర్లు వేసి, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడేలా చూసి ఫోటో తీస్తారు. తప్పేం లేదు, అది వాళ్ళ పని, కొందరికి జీతమూ అదే. కానీ నువ్వు ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, గంటసేపు కట్టిన దాన్ని తెచ్చి దాని పక్కన నిలబెడితే ఎలా? కేటరింగ్ వాళ్ళ పెళ్ళి భోజనం చూసొచ్చి ఇంట్లో చారు పారబోసుకున్నట్టుంది.

అసలా గేమ్ పుట్టుకే అంత సొగసుగా జరగలేదు. స్వీడన్‌లో మార్కస్ పెర్సన్ అనే ప్రోగ్రామర్ ఉద్యోగం చేసుకుంటూనే తీరిక వేళల్లో రాసి 2009 మే నెలలో జనం మీదకి వదిలాడు, పూర్తి వెర్షన్ అనిపించుకోవడానికి 2011 నవంబరు దాకా పట్టింది. చప్పుడు లేకుండా వెనకొచ్చి పేలిపోయే ఆ పచ్చ క్రీపర్ ఉంది చూశావూ, అది పందిని చేయబోయి పొడవు, ఎత్తు కొలతలు తారుమారైతే నిట్టనిలువుగా లేచిన ప్రాణి. ఆయన దాన్ని డిలీట్ చేయలేదు. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లు పెట్టి ఆ కంపెనీని కొన్నది ఆ వంకర పందితో సహా.

నా సంగతి ఒకటి చెప్తాను, కొంచెం పొడుగు, ఓపిక పట్టు. మూడేళ్ళ కిందట మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు కడదామని కూచున్నాను. కోనసీమలో మండువా లోగిలి. అసలుది ఇప్పుడు లేదు, కొన్నవాళ్ళు పడగొట్టి డాబా వేసుకున్నారు. ప్లానులు, కొలతలు ఎవరి దగ్గరున్నాయి? వీధి అరుగు నుంచి మండువా దాకా చిన్నప్పుడు ఎన్ని గంతులు వేసేదాన్నో అదే కొలత. గేమ్‌లో ఒక బ్లాకు ఒక మీటరు కింద లెక్క, అంచేత స్తంభం పెడితే ఏనుగు కాలులా వస్తుంది, కంచె కర్రల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టి అవే స్తంభాలనుకున్నాను. పెంకులకు టెర్రకోటా రంగు అచ్చంగా సరిపోతుంది, కానీ ఆ బ్లాకుకి మెట్ల ఆకారం లేదు, మెట్లు లేకపోతే వాలు రాదు. ఇటుక మెట్లు పెట్టి చూస్తే పాత గవర్నమెంటు ఆఫీసులా ఉంది. చివరికి అకేసియా చెక్క మెట్లు, నారింజ రంగువి, ఇంకా వాన తగలని కొత్త పెంకులా ఉంటాయి. నాలుగు వైపులా వాలు లోపలికి దించి మధ్యలో ఆకాశం వదిలేశాను, మండువా అంటే అదే కదా.

తీరా అంతా అయ్యాక వాన పడదు. మబ్బు పట్టడం, పోవడం, చుక్క లేదు. ఎన్ని రోజులు చూసినా అంతే. అప్పుడు వెలిగింది, నేల చదునుగా ఉంది కదా అని ఎడారిలో కట్టాను. ఎడారిలో ఆ గేమ్ వాన కురిపించదు. మండువా ఇల్లు తీసుకెళ్ళి ఎడారిలో! రెండు ఆదివారాలు కూచుని పచ్చిక మైదానంలో మళ్ళీ పునాది నుంచి కట్టుకొచ్చాను, ఆ రెండోసారి ఎందుకో విసుగు రాలేదు.

అది మా మేనల్లుడి సర్వర్. వాడి ఫ్రెండ్స్ వచ్చి చూసి వరసపెట్టి అడిగిన మాట ఒకటే: "పైకప్పులో కన్నం ఎందుకుంది ఆంటీ?" ఒక పిల్లాడైతే పాపం నేను లేనప్పుడు వచ్చి మొత్తం గాజు పలకలతో మూసేసి, 'ఫిక్స్ చేశాను' అని బోర్డు పెట్టి వెళ్ళాడు. నేనవి ఒక్కొక్కటే పగలగొట్టాను. ఆ రాత్రే వాన మొదలైంది. వెళ్ళి వసారాలో నిలబడ్డాను. చూరు నుంచి ధార కారదు, ఆ లెక్కలు గేమ్‌కి తెలీవు, నేరుగా మండువాలోకి గీతలు గీతలుగా పడుతుంది. కింద ఒక కాల్డ్రన్ పెట్టాను, ఇనప గంగాళం అనుకో. వానకి అది నిజంగానే నిండుతుంది, మెల్లగా, మూడు విడతల్లో. మా అమ్మమ్మ చినుకు పడగానే 'గంగాళం పెట్టండర్రా' అని కేకేసేది, ఎవరం కదిలేవాళ్ళం కాదు. రాత్రి పన్నెండు దాకా మెలకువగా ఉన్నానని రాశానే, ఆ గంగాళం నిండే దాకా చూస్తూ కూచున్నాను. ఆ కన్నంలోంచే సాలీడు దిగి నన్ను కరిచి చంపింది, అది వేరే కథ.

మూసేసిన పిల్లాడిది తప్పు కాదు, వాడెప్పుడూ మండువా చూడలేదు. వాడికి అర్థం కాలేదని నేను దాన్ని మార్చనూ లేదు, వాడికి పెద్ద క్లాసూ పీకలేదు. నీ ఇంట్లోనూ ఎందుకుందో నీకు మాత్రమే తెలిసిన కన్నం ఒకటి పెట్టుకో. ఆ తొమ్మిదో తరగతి వరల్డ్ పాత కంప్యూటర్లో ఎక్కడైనా ఉందేమో వెతుకు. లేకపోతే కొత్తది తెరువు, సర్వర్‌లో కాదు, ఒంటరిగా. ఏదో ఒక పని ఉన్న గది కట్టు, గుర్రాన్ని కట్టెయ్యడానికో, వాన చూడడానికో. నచ్చకపోతే డిలీట్ నొక్కకు, పక్కన ఇంకోటి కట్టు, ఊరన్నాక వంకర ఇల్లు ఒకటి ఉంటుంది. ఇక ఫ్రెండ్స్ సర్వర్‌లో ఆ ఇల్లు ఇంకా ఉంటే గుమ్మం మీద బోర్డు తగిలించు: 'అవును, పుల్లలు లోపలున్నాయి.'

ప్రశ్న: మేడమ్, క్రియేటివ్ మోడ్‌లో కడితే అది మోసం అని మా అన్నయ్య అంటాడు. సర్వైవల్‌లో కష్టపడి తవ్వి కడితేనే గొప్పంట. నిజమేనా?
– ఎనిమిదో తరగతి, సిద్దిపేట

జవాబు: కాదు నాన్నా. (తెలియని వాళ్ళకి: క్రియేటివ్‌లో దిమ్మెలన్నీ ఊరికే వస్తాయి, గాల్లో ఎగరొచ్చు కూడా. సర్వైవల్‌లో అన్నీ తవ్వి తెచ్చుకోవాలి.) మీ అన్నయ్యకి రాళ్ళు కొట్టడం ఇష్టం, నీకు పేర్చడం ఇష్టం. తవ్వి మోసుకొస్తేనే ఆ మేడ నాది అనిపించేవాళ్ళు ఉంటారు, నేనూ సగం ఆ బాపతే, కానీ బొమ్మ వేసేవాణ్ణి పట్టుకుని రంగు నువ్వే నూరావా అని ఎవరూ అడగరు కదా. ఈసారి అన్నయ్యని పిలిచి నీ వరల్డ్‌లో కాసేపు ఎగరనివ్వు. మోసమో కాదో తర్వాత అడుగు.

ప్రశ్న: నేను ఏమీ కట్టను. ఊరికే నడుచుకుంటూ కొత్త కొత్త కొండలు చూస్తూ పోతుంటాను. నా రూమ్మేట్ 'రెండేళ్ళ నుంచి ఆడుతున్నావు, చూపించడానికి ఒక్కటైనా ఉందా' అంది. ఉలిక్కిపడ్డాను, నిజంగానే ఏమీ లేదు.
– వరంగల్

జవాబు: కర్ట్ జె. మ్యాక్ అని అమెరికాలో ఒకాయన ఉన్నాడు. ఈ గేమ్ పాత వెర్షన్లలో మధ్య నుంచి దాదాపు 1 కోటి 25 లక్షల బ్లాకుల దూరం పోతే నేలని తయారుచేసే లెక్క తప్పి, కొండలు చిల్లుల గోడలా లేచి నిలబడేవి, దాన్ని ఫార్ ల్యాండ్స్ అనేవాళ్ళు. 2011లో కొత్త వెర్షన్ వచ్చి ఆ తప్పుని సరిదిద్దేసింది. ఈయన మాత్రం పాత వెర్షన్ అలాగే ఉంచుకుని, ఆ తప్పుని చూద్దామని 2011లో నడక మొదలుపెట్టి ఏళ్ళ తరబడి నడిచాడు. ఆయన దాన్ని వీడియోలు తీసి పెట్టాడు, దాని మీద సేవా సంస్థకి విరాళాలూ పోగుచేశాడు, కాబట్టి చూసేవాళ్ళు లేరని చెప్పను. కానీ చూసేవాళ్ళ కోసమే అయితే ఇంతకంటే రంజుగా ఉండే పని ఏదైనా ఎంచుకోవచ్చు కదా! మీ రూమ్మేట్‌కి చూపించడానికి మీ దగ్గర ఏమీ లేదు, ఒప్పుకోండి, ఆవిడ వాకింగ్‌కి వెళ్ళొస్తే మీరూ ఏం తెచ్చావని అడగండి.

ప్రశ్న: నమస్తే మేడం. మా బాబుకి పదేళ్ళు. చిన్నప్పటి నుంచి క్యాలెండర్ కాగితాల వెనక ఒకటే బొమ్మలు. పోయినేడు స్కూలు పోటీలో సెకండ్ ప్రైజ్ వస్తే సంతోషపడి కోచింగ్‌లో చేర్పించాం. ఇప్పుడు కాగితం ఇస్తే 'ఇది ఏ కాంపిటీషన్‌కి?' అని అడుగుతున్నాడు, పోటీ లేకపోతే ముట్టట్లేదు. ట్యాబ్‌లో మాత్రం ఆ బ్లాకుల గేమ్ గంటలు గంటలు ఆడతాడు. మా వారు అది మానిపించమంటారు, లేదంటే కనీసం ఛానెల్ పెట్టించమంటారు, ఏదో ఒక ఉపయోగం ఉంటుంది కదా అని. ఏం చెయ్యాలి?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: 'ఇది ఏ కాంపిటీషన్‌కి' అన్న దగ్గర కాసేపు ఆగిపోయానమ్మా. మీ బాబు తెలివైనవాడు, పెద్దవాళ్ళ లోకం ఎలా నడుస్తుందో పదేళ్ళకే పట్టేశాడు.

దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో చేశారు, 1973లో అచ్చయింది. స్కెచ్ పెన్నులంటే అప్పటికే ఇష్టం ఉన్న పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి 'బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం, బంగారు నక్షత్రం, రిబ్బను ఉంటాయి' అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక చేతిలో పెట్టారు. కొందరికి అసలు ఇవ్వలేదు. వారం పది రోజులు పోయాక క్లాసులో మళ్ళీ ఆ పెన్నులు పెట్టి దూరం నుంచి గమనించారు. ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే వాటి జోలికి వెళ్ళారు. గమనించాల్సింది ఏంటంటే, చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లలకి ఏమీ కాలేదు, వాళ్ళు ఎప్పట్లాగే వేసుకున్నారు. అంటే మీ ఇంట్లో ఆ సెకండ్ ప్రైజ్ వల్ల నష్టం లేదు, దాన్ని షోకేసులోంచి తీసి దాచక్కర్లేదు. దాని వెనకే వచ్చిన కోచింగ్, 'ఈసారి ఫస్ట్ రావాలి' అన్న మాట, వాటి దగ్గర చూడండి.

కోచింగ్ రెండు నెలలు ఆపండి. కాగితాలు, పెన్సిళ్ళు వాడికి అందేచోట పెట్టి మీ పని మీరు చూసుకోండి, వేయమనొద్దు. గేమ్‌లో ఏదైనా కట్టి చూపిస్తే 'సూపర్ రా' అని తల తిప్పేసుకోకుండా పక్కన కూచుని 'ఈ గదిలో ఎవరుంటారు? నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి?' అని అడగండి, చెప్పకపోతే వదిలేయండి. ఛానెల్ మాత్రం వద్దంటాను. రెండో వారానికల్లా 'ఏది కడితే వ్యూస్ వస్తాయి' అంటాడు, ఆ ప్రశ్నకీ ఈ కాంపిటీషన్ ప్రశ్నకీ తేడా ఏముందో మీవారినే చెప్పమనండి. అలాగని ట్యాబ్ వాడి చేతికిచ్చి పడుకోమని కాదు నేననేది, ఎంతసేపు ఆడాలన్నది మీరే పెట్టండి, కళ్ళు, నిద్ర, హోమ్‌వర్క్ ఉన్నాయి. ఏం కట్టాలన్నది మాత్రం వాడిది.

ప్రశ్న: అక్కా, ధనుర్మాసం నెలంతా రోజూ ముగ్గు వేసి ఫోటో పెడతాను. రంగులు వేసిన నెమళ్ళకి, పువ్వులకి లైకులు బాగా వస్తాయి. మా అమ్మ నేర్పిన మెలికల ముగ్గులు వేస్తే ఎవరూ చూడరు, ఫోటోలో సాదాగా కనిపిస్తాయి. దాంతో అవి మానేశాను. మొన్న ఒకటి వేద్దామని కూచుంటే మెలిక మర్చిపోయాను, ఏడుపొచ్చింది.
– గుడివాడ

జవాబు: జనం కోసం కాదు నీ కోసం వేసుకో అని నేను చెప్పను, ముగ్గు విషయంలో అది అబద్ధం. ముగ్గు ఎప్పుడూ వీధిలోనే ఉంది. ఎదురింటి పిన్నిగారు చీపురు పట్టుకుని నిలబడి 'ఆ మూల వంకర పోయిందే' అనడం కూడా ముగ్గులో భాగమే, మా వీధిలో ఆవిడ మాట పడకూడదని చుక్కలు రెండుసార్లు లెక్కపెట్టుకునేవాళ్ళం. కాకపోతే ఆవిడ ఆ మాట అనేసి లోపలికి పోయేది, కాసేపటికి పాలబ్బాయి సైకిలు దాని మీంచి పోయేది, మర్నాడు కొత్త వాకిలి. ఫోన్లో ముగ్గు చెరగదు, కింద అంకె కూడా చెరగదు. తేడా అక్కడుంది.

మెలికల ముగ్గులో ఉన్న మజా ఫోటోలో పడదు, ఎందుకంటే అది గీతలో లేదు, గీసేటప్పుడు ఉంది. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా మధ్య చుక్క పెట్టుకుని, ఒక్క చుక్కని కూడా తాకకుండా గీతని తిప్పుకుంటూ పోయి పోయి, మొదలుపెట్టిన చోటుకే అది వచ్చి కలిసినప్పుడు నడుం నొప్పి కూడా మర్చిపోతాం. ఒక్క మెలిక తప్పితే కలవదు, సర్దుబాటు లేదు. ఆదివారం నెమలి వెయ్యి, ఫోటో పెట్టు, లైకులు వస్తే సంతోషించు, అందులో తప్పేముంది. మిగతా రోజులు మెలికలు. మర్చిపోయినవి అమ్మకి ఫోన్ చేసి అడుగు, చుక్కల లెక్క నోటితో చెప్తుంది చూడు, అది రాసుకో.

ప్రశ్న: నేను ఆర్డర్ల మీద పోర్ట్రెయిట్లు వేస్తాను. పెళ్ళిరోజులకి, రిటైర్మెంట్లకి. డబ్బు పర్లేదు. నా సొంత బొమ్మ వేసి నాలుగేళ్ళయింది. వేద్దామనుకుంటే 'ఎవరు కొంటారు, ఎవరు చూస్తారు, ఆ టైమ్‌కి ఇంకో ఆర్డర్ అయిపోతుంది కదా' అని ఇంట్లో అంటారు, నాకూ నిజమే అనిపిస్తుంది. ఎవరూ చూడని బొమ్మ వేయడం స్వార్థం కాదా?
– విశాఖపట్నం

జవాబు: ఆర్డర్ల మీద చిన్నచూపు నాకు లేదండీ, నా కరెంటు బిల్లు వాటితోనే కట్టుకుంటాను. ఓ పత్రికకి కథ బొమ్మ వేస్తే నాయిక ముక్కు మూడుసార్లు మార్చమన్నారు, మార్చాను, మూడోది మొదటిదే పంపాను, బాగుందన్నారు. ఆ పని అలాగే ఉంటుంది. కానీ మీరడిగింది వేరు.

చండీగఢ్‌లో రాక్ గార్డెన్ చూశారా? దాన్ని కట్టిన నేక్‌చంద్ అక్కడ పబ్లిక్ వర్క్స్ శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్. దేశ విభజనలో ఆయన ఊరు పాకిస్తాన్ వైపు పోయింది. కొత్త నగరం కోసం చుట్టుపక్కల ఊళ్ళు కూలుస్తుంటే ఆ శిథిలాల్లోంచి పగిలిన పింగాణీ, టైల్స్, గాజు పెంకులు, చేతిగాజుల ముక్కలు ఏరి సైకిల్ మీద అడవిలోకి చేరవేసేవాడు. 1957 ప్రాంతంలో మొదలుపెట్టాడు. అది ప్రభుత్వ భూమి, అక్కడ ఏమీ కట్టకూడదు, అంచేత డ్యూటీ అయ్యాక, చీకట్లో, ఎవరికీ చెప్పకుండా. ఆ ముక్కలతోనే మనుషుల్ని, జంతువుల్ని, దారుల్ని, వాగుల్ని చేసుకుంటూ పోయాడు. పద్దెనిమిదేళ్ళు. 1975లో అధికారుల కంట పడేసరికి అది ఎకరాలకి ఎకరాలు పాకిపోయింది. కూల్చేస్తారనుకున్నది ఆగి 1976లో జనానికి తెరిచారు, ఆయనకి జీతమిచ్చి, కూలీలనిచ్చి అదే పని చేయమన్నారు.

ఈ కథ చెప్పినవాళ్ళంతా చివర్లో 'చూశారా, పద్మశ్రీ కూడా వచ్చింది' అంటారు, నాకు ఒళ్ళు మండుతుంది. వచ్చింది, 1984లో. కానీ పదో ఏడాదిలోనో పన్నెండో ఏడాదిలోనో ఒక రాత్రి సైకిల్ దిగి, పగిలిన గాజుల సంచి విప్పుతున్న మనిషికి పద్మశ్రీ సంగతి తెలీదు. దొరికితే ఉద్యోగం ఊడుతుందని మాత్రం తెలుసు. ఆ రాత్రి ఎందుకు వెళ్ళాడో అది మనకి కావాలి.

స్వార్థమా అంటే, అవును, కొంచెం. ఉండనివ్వండి. మధ్యాహ్నం పడుకునే కునుకు కూడా స్వార్థమే, దానికి ఎవరి పర్మిషనూ అడగం. ఇంట్లో గొడవ లేకుండా ఒక ఉపాయం: ఆర్డర్ బొమ్మ అయిపోయాక పాలెట్ మీద రంగు మిగులుతుంది చూడండి, ఆ చర్మపు రంగులు, చీర ఎరుపు కొంచెం, దాన్ని తుడిచేయకుండా పాత అట్టముక్క మీద అది ఆరేలోగా ఏది వస్తే అది వేయండి. పావుగంట. కొత్త కాన్వాస్ అడగదు, కొత్త రంగు అడగదు. సంతకం పెట్టకండి, ఫోటో తీయకండి, అట్టల్ని బీరువా వెనక పడేయండి.

ప్రశ్న: అమ్మా, నా వయసు 68. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మనవడు డాలస్‌లో ఆరో తరగతి. వీడియో కాల్లో 'తిన్నావా తాతా' తర్వాత ఇద్దరికీ మాటలుండవు, అందుకని వాడి మైన్‌క్రాఫ్ట్ నేర్చుకుంటున్నాను. నాకు గోదావరి బ్యారేజీ కట్టాలని ఉంది. వాడేమో 'బోరింగ్ తాతా, డ్రాగన్‌ని చంపుదాం' అంటాడు. వాడికి నచ్చింది చేయాలా, నాకు నచ్చింది చేయాలా? ఇంకో సంగతి, నీళ్ళు నిలబడడం లేదు. వదిలితే ఏడు గడులు పారి ఆగిపోతున్నాయి. ఇదేం గోదావరి?
– ధవళేశ్వరం

జవాబు: బాబాయిగారూ, నమస్కారం. ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ముందు నీళ్ళ సంగతి. ఆ గేమ్‌లో మట్టం పెరగడం అనేది లేదు. బకెట్టుతో పోసిన చోట ఊట ఏర్పడుతుంది, అది చదును నేల మీద ఏడు గడులే పారుతుంది, దారిలో పల్లం తగిలితే అక్కణ్ణుంచి మళ్ళీ ఏడు. జలాశయం నిండుగా కనపడాలంటే ఊటలే పోసుకుంటూ పోవాలి. రెండుకి రెండు గడుల గుంట తీసి ఎదురెదురు మూలల్లో చెరో బకెట్టు పోయండి, నాలుగు గడులూ ఊటలైపోతాయి, ఇక ఎంత తోడినా తరగదు. పైనుంచి వరద రాదు, మూడో నంబరు హెచ్చరిక ఉండదు, అర్ధరాత్రి గట్టు మీదకి పరిగెత్తక్కర్లేదు. మీ సర్వీసులో ఇలాంటి గోదావరి ఒక్క ఏడాదైనా చూశారా?

కొలత దగ్గర జాగ్రత్త. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయిందని, ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లని మీకు నేను చెప్పేదేముంది. పొడవు మూడున్నర కిలోమీటర్లు దాటుతుంది, బ్లాకు మీటరు లెక్కన మూడున్నర వేల పైచిలుకు బ్లాకులు. కట్టాక ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడవడానికే పద్నాలుగు నిమిషాలు పడుతుంది, పొద్దు పొడుస్తుండగా బయల్దేరితే విజ్జేశ్వరం చేరేసరికి చీకటి, జాంబీలు. కాబట్టి దీపాలు పెట్టుకుంటూ వెళ్ళండి. అంచుల మీద పనిచేసేటప్పుడు వంగి నడిచే బటన్ వాడండి, నీళ్ళలో పడరు. మీరు ఆడేది ఫోన్లో అయితే అది గేమ్‌లో బెడ్‌రాక్ అనే రకం, వాడి దగ్గర ఉన్నదీ అదే అయితేనే కలిసి ఆడగలరు, అది చూసుకోండి.

ఇక డ్రాగన్. వాడితో వెళ్ళండి, ఒకసారి, చచ్చిపోతారు, వాడు నవ్వుతాడు, బాగుంటుంది. మిగతా రోజులు వాడు డ్రాగన్ దగ్గర ఉన్నంతసేపు మీరు మీ ఒడ్డున రెండు స్తంభాలు లేపుకోండి. బోరింగ్ అంటే అననివ్వండి, మానేయకండి, రమ్మని పిలవకండి కూడా. మొదట ఒక్క గేటే కట్టండి. ఆ గేటు తలుపు ఎత్తాలంటే దిమ్మెల్ని తోసే పిస్టన్లు, వాటికి కరెంటులా పనిచేసే రెడ్‌స్టోన్ కావాలి. మామూలు పిస్టన్ తోస్తుందే కానీ వెనక్కి లాగదు, లాగే రకం వేరే ఉంది, దానికి జిగురు కావాలి, ఆ జిగురు ఒకచోట దొరుకుతుంది. ఎక్కడో నేను చెప్పను. వాణ్ణి అడగండి, డాలస్‌లో అర్ధరాత్రి కాకుండా చూసుకుని.